అడగని ప్రశ్న, అందని వైద్యం: మహిళా మాజీ సైనికుల ఆరోగ్యం

అమెరికాలో 1980 జనాభా లెక్కల సమయంలో మహిళలను తొలిసారిగా ఒక చిన్న ప్రశ్న అడిగారు: మీరు ఎప్పుడైనా సైన్యంలో పనిచేశారా? అంతకుముందు ఆ ప్రశ్న మగవారికే పరిమితం. ఆ ఏడాది 12 లక్షల మంది మహిళలు అవునని జవాబిచ్చారు. అంతమంది ఉన్నారని అక్కడి మాజీ సైనికుల సంక్షేమ యంత్రాంగానికే తెలియదు. మాజీ సైనికుల కోసం దేశమంతటా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నా, వాటి గడప తొక్కిన మహిళలు చాలా తక్కువ. 1982లో అమెరికా పార్లమెంటుకు చెందిన ఆడిట్ సంస్థ ఈ విషయాన్ని పరిశీలించింది. పురుషులకు అందే సేవలు మహిళలకు సమానంగా అందడం లేదనీ, స్త్రీ సంబంధ వ్యాధులకు తగిన వైద్యం లేదనీ, తమకు ఏయే హక్కులున్నాయో ఆ మహిళలకు సరిగా తెలియజేయలేదనీ తేల్చింది.

ఇక్కడ ఎవరూ కావాలని తలుపులు మూయలేదు. అడగలేదు కాబట్టి తెలియలేదు, తెలియలేదు కాబట్టి ఏర్పాటు చేయలేదు. సైనిక దళాల్లో మహిళల సంఖ్య వేగంగా పెరుగుతున్న భారతదేశానికి ఈ అనుభవం నేడు చాలా అవసరం. సేవ ముగించుకుని ఇంటికి వచ్చే మహిళల ఆరోగ్యానికి కావలసిన ఏర్పాట్లు ఇప్పుడే మొదలైతే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఆలస్యమైతే ఆ మూల్యం చెల్లించేది వారి ఎముకలు, గుండె, మనసు.

ఎవరు ఈ మహిళలు?

భారత సైన్యంలో మహిళల సేవ కొత్తది కాదు. సైనిక నర్సింగ్ సేవ మూలాలు 1888 నాటివి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో మహిళా సహాయక దళం ఏర్పడింది. స్వాతంత్ర్యం తర్వాత చాలాకాలం పాటు మహిళలకు వైద్య, దంతవైద్య, నర్సింగ్ విభాగాలే తెరిచి ఉండేవి. 1992లో ఇతర విభాగాల్లోకీ అధికారులుగా తీసుకోవడం మొదలైంది. మొదట అయిదేళ్ల సేవకే అవకాశం. ఆ తర్వాత అది పదేళ్లకు, పద్నాలుగేళ్లకు పెరిగింది. పెన్షన్ రావాలంటే 20 ఏళ్ల సేవ ఉండాలి. షార్ట్ సర్వీస్ కమిషన్‌లో చేరిన మహిళలు అందుకు చాలా ముందే బయటికి వచ్చేశారు.

2016లో ముగ్గురు మహిళలు వాయుసేనలో యుద్ధ విమాన పైలట్లయ్యారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సైన్యంలోని మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ హక్కును ఖాయం చేసింది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి 2025 మే నెలలో 17 మంది యువతులు తొలి మహిళా బ్యాచ్‌గా బయటికి వచ్చారు. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ వాయుసేన అకాడమీలో ఏటా యువతులు శిక్షణ ముగించి అధికారులవుతున్నారు. సాయుధ దళాల్లో మహిళల సంఖ్య 2014లో సుమారు 3,000 ఉండగా, ఇప్పుడు 11,000 దాటిందని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. అగ్నిపథ్ పథకం కింద నౌకాదళంలో, వాయుసేనలో, సైనిక పోలీసు విభాగంలో యువతులు అగ్నివీరులుగా చేరారు.

అంటే మహిళా మాజీ సైనికులు అన్నప్పుడు ఒకే రకం మనుషులు కారు. ముప్పై ఏళ్లు వార్డుల్లో రాత్రింబవళ్లు పనిచేసి రిటైరైన నర్సింగ్ అధికారి ఉన్నారు. 1990ల చివర్లో అయిదారేళ్ల సేవ చేసి బయటికి వచ్చి, ఇప్పుడు యాభై దాటిన అధికారి ఉన్నారు. నాలుగేళ్ల సేవ ముగించుకుని పాతికేళ్లు నిండకుండానే ఊరికి తిరిగి వచ్చే అగ్నివీర్ యువతి రాబోతోంది. వీరి అవసరాలు వేరు, వీరికున్న హక్కులూ వేరు.

పాలీక్లినిక్ గడప దగ్గర

మన దేశంలో మాజీ సైనికుల వైద్యానికి ప్రధాన ఆధారం 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం. దేశవ్యాప్తంగా నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లు, యాభై లక్షలకు పైగా లబ్ధిదారులతో ఇది చాలా పెద్ద వ్యవస్థ. సభ్యులు ముందుగా దగ్గరలోని పాలీక్లినిక్‌కు వెళ్లాలి. అక్కడి డాక్టరు చూసి, అవసరమైతే సైనిక ఆసుపత్రికో, పథకం జాబితాలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికో రిఫరల్ రాస్తారు. పాలీక్లినిక్‌లో ఏం అడిగారు, ఏం గుర్తించారు అన్నదాన్ని బట్టే తర్వాతి వైద్యం నడుస్తుంది.

ఆ గడప దగ్గర కనిపించే మహిళల్లో అత్యధికులు మాజీ సైనికుల భార్యలు, వితంతువులు, తల్లులు. కనుక కౌంటర్ దగ్గరికి ఒక మహిళ వస్తే, కార్డు ఆమె భర్తదని అనుకోవడం సహజంగా జరిగిపోతుంది. అమెరికాలోనూ ఇదే ఫిర్యాదు దశాబ్దాలుగా వినిపించింది. ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయంగా కనిపిస్తుంది. వైద్యపరంగా మాత్రం చిన్నది కాదు. సైనికుడి భార్యకు వచ్చిన మోకాలి నొప్పికీ, పద్నాలుగేళ్లు బూట్లతో, బరువుతో నడిచిన అధికారి మోకాలి నొప్పికీ చరిత్ర వేరు. ఆ చరిత్ర అడగని డాక్టరు ఇద్దరికీ ఒకే మాత్ర రాసి పంపుతారు.

హక్కుల విషయంలోనూ ఖాళీలున్నాయి. పథకం మొదలైన నాటి నుంచి పెన్షన్ వచ్చేవారికే సభ్యత్వం. పెన్షన్ లేని షార్ట్ సర్వీస్ అధికారులను 2019లో గాని చేర్చలేదు. ఆ నిబంధన స్త్రీ పురుషులిద్దరికీ ఒకటే. కానీ ఆ కాలంలో మగ అధికారులకు శాశ్వత కమిషన్ దారి తెరిచే ఉంది. వైద్య, నర్సింగ్ విభాగాలకు వెలుపల మహిళల్లో అత్యధికులకు షార్ట్ సర్వీస్ ఒక్కటే దారి. ఒకే నిబంధన ఇద్దరికీ వర్తించినా దాని బరువు ఎక్కువగా మహిళల మీదే పడింది. పదహారేళ్లపాటు వారు సొంత సేవ ఆధారంగా ఈ పథకంలోకి రాలేకపోయారు. ఇప్పుడు అదే ప్రశ్న అగ్నివీరుల రూపంలో మళ్లీ వస్తోంది. నాలుగేళ్ల తర్వాత బయటికి వచ్చే అగ్నివీరులకు మాజీ సైనికుల హోదా గాని, ఈసీహెచ్‌ఎస్ సభ్యత్వం గాని లేవు. తొలి బృందాల నాలుగేళ్ల సేవ 2026 చివరి నుంచి ముగుస్తుంది.

ఎముకలు దాచుకునే కథ

సైనిక శిక్షణలో మహిళలకు ఎక్కువగా ఎదురయ్యే గాయాల్లో ఒత్తిడి వల్ల వచ్చే ఎముక పగుళ్లు ముఖ్యమైనవి. ఎముక రాయిలా మార్పులేని పదార్థం కాదు. పాత ఎముకను కొన్ని కణాలు తొలగిస్తుంటే, మరికొన్ని కొత్త ఎముకను నింపుతుంటాయి. తొలగించే పని కొన్ని వారాల్లో అయిపోతుంది, నింపే పనికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో రోజూ కిలోమీటర్ల కొద్దీ బరువుతో నడిస్తే బలహీనంగా ఉన్నచోట సన్నని పగులు మొదలవుతుంది. మహిళల ఎముకలు సగటున సన్నగా ఉండటం, మోయవలసిన బరువు వారి శరీర బరువుతో పోలిస్తే ఎక్కువ శాతం కావడం ఇందుకు కొన్ని కారణాలు. ఖర్చయ్యే శక్తికి తగిన తిండి అందకపోతే ఈస్ట్రోజెన్ తగ్గి, నెలసరి తప్పుతుంది. ఎముక మరింత బలహీనపడుతుంది.

రక్తహీనతను కూడా దీనికి కలపాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సైన్యంలోకి ఎంపికైనవారు ఆరోగ్యవంతులే. అయినా హిమోగ్లోబిన్ సరిగా ఉన్నప్పుడే లోపల ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు. కఠిన శిక్షణలో ఆ లోటు బయటపడుతుంది.

ఈ గాయాలు తప్పనిసరి కావని ఆస్ట్రేలియా సైన్యం చూపించింది. అక్కడ శిక్షణలో చేరిన యువతుల్లో 11 శాతానికి పైగా కటి ఎముక పగుళ్ల బారిన పడుతుండేవారు. కారణం వెతికితే కవాతులో దొరికింది. పొడవైన మగవారి అంగతో అడుగు కలపడానికి యువతులు తమ సహజమైన అంగను సాగదీస్తున్నారు. అప్పుడు కవాతు వేగాన్ని గంటకు 7.5 కిలోమీటర్ల నుంచి 5 కిలోమీటర్లకు తగ్గించారు. ఎవరి అంగతో వారు నడవమన్నారు. వరుసల మధ్య ఎడం పెంచారు, నడకకు మెత్తని నేలను ఎంచుకున్నారు. పగుళ్లు 1 శాతం కంటే తక్కువకు పడిపోయాయి. 1999లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని సైనిక వైద్యంలో నేటికీ ఉదాహరణగా చెబుతారు.

మాజీ సైనికుల వైద్యానికి ఇది ఎందుకు ముఖ్యం? ఇరవై రెండేళ్లకు వచ్చిన పగులు మానిపోతుంది, మరుపున పడుతుంది. కానీ అది ఎముక పటుత్వం గురించి శరీరం ఇచ్చిన తొలి హెచ్చరిక కావచ్చు. భారతీయ మహిళల్లో నెలసరి సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది 51 ఏళ్ల దగ్గర ఉంటుంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ రక్షణ పోయి ఎముకలు వేగంగా గుల్లబారతాయి. 1990లలో, 2000ల మొదట్లో చేరిన అధికారులు సరిగ్గా ఈ వయసులో ఉన్నారు. పాత పగుళ్ల వివరం డాక్టరు ముందు ఉంటే ఎముక సాంద్రత పరీక్ష, కాల్షియం, విటమిన్ డి గురించి పదేళ్లు ముందే ఆలోచించవచ్చు. ఆ వివరం లేకపోతే తుంటి ఎముక విరిగాకే తెలుస్తుంది.

చెప్పుకోవడానికి సిగ్గుపడే సమస్యలు మరికొన్ని. ఫీల్డ్‌లో మరుగుదొడ్డి సదుపాయం లేనప్పుడు నీళ్లు తాగడం తగ్గించడం, మూత్రం గంటల తరబడి ఆపుకోవడం మహిళా సైనికుల్లో పలు దేశాల్లో నమోదైన అలవాట్లు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ఇవి దారి తీస్తాయి. బరువులు మోయడం, ఎత్తు నుంచి దూకడం వంటి పనులు, వాటికి తోడు ప్రసవాలు కటి అడుగు కండరాలను బలహీనపరచవచ్చు. దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోవడం దీని లక్షణం. సరైన వ్యాయామంతో చాలామందికి మెరుగయ్యే సమస్య ఇది. కానీ డాక్టరు అడగరు, ఆమె చెప్పదు. ఆమె వాకింగ్ మానేస్తుంది, ప్రయాణాలు మానేస్తుంది. బరువు పెరుగుతుంది, చక్కెర వ్యాధి వెనుకే వస్తుంది.

క్యాన్సర్ పరీక్షల సంగతి సరేసరి. అదే జాతీయ సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. సర్వీసులో ఉన్నంతకాలం ఏటా వైద్య పరీక్ష తప్పనిసరి. బయటికి వచ్చిన మరుసటి ఏడాది నుంచి పిలిచేవారుండరు. ఆ అలవాటును కొనసాగించడం ఈసీహెచ్‌ఎస్‌కు పెద్ద కష్టమైన పని కాదు.

మనసుకు తగిలిన దెబ్బ గుండెకు చేరుతుంది

అమెరికాలో సుమారు 4 లక్షల మంది మహిళా మాజీ సైనికుల వైద్య రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. తీవ్ర మానసిక ఆఘాతం తర్వాత వచ్చే పీటీఎస్‌డీ ఉన్నవారిలో గుండె రక్తనాళాల వ్యాధి వచ్చే రేటు, అది లేనివారితో పోలిస్తే 44 శాతం ఎక్కువగా కనిపించింది. దీర్ఘకాలిక ఒత్తిడి రక్తపోటును, వాపు ప్రక్రియలను, నిద్రను దెబ్బతీస్తుంది. పొగతాగడం వంటి అలవాట్లూ తోడవుతాయి. అసలే మహిళల్లో గుండెపోటు లక్షణాలు తరచు ఆయాసంగా, నీరసంగా, దవడ నొప్పిగా కనిపించి దారి తప్పిస్తాయి. కనుక మానసిక ఆరోగ్యం గురించి అడగడం గుండెను కాపాడే పని కూడా.

ఇందులో అడగడానికి అందరూ జంకే ప్రశ్న ఒకటుంది: సేవాకాలంలో లైంగిక దాడి, వేధింపు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో స్త్రీ పురుష భేదం లేకుండా వచ్చిన ప్రతి ఒక్కరినీ ఈ విషయం అడుగుతారు. ప్రతి ముగ్గురు మహిళల్లో ఒకరు, ప్రతి 50 మంది పురుషుల్లో ఒకరు అవునని చెబుతున్నారు. మగ మాజీ సైనికుల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి బాధితులైన పురుషులూ తక్కువేమీ లేరు. అవునన్నవారికి చికిత్స ఉచితం. అప్పట్లో ఫిర్యాదు చేశారా, సాక్ష్యం ఉందా అని అడగరు. న్యాయ విచారణ వేరు, వైద్యం వేరు అన్న ఈ సూత్రమే నోరు విప్పే ధైర్యం ఇచ్చింది.

భారత సైన్యానికి ఈ అంకెలను తెచ్చి అంటించడం సరికాదు. సేవా పరిస్థితులు వేరు, సంఖ్యలు వేరు. ఇక్కడ అటువంటి ప్రశ్న వైద్యంలో భాగంగా క్రమపద్ధతిలో అడగాలన్నదే వాదన. అమెరికాలోనూ అడగకముందు ఈ అంకె ఎవరికీ తెలియదు.

ఆసుపత్రి వాతావరణం కూడా వైద్యంలో భాగమే. అమెరికాలోనే 2019లో ప్రచురితమైన సర్వేలో, మాజీ సైనికుల ఆసుపత్రులకు వచ్చే మహిళల్లో నలుగురిలో ఒకరు అక్కడి ఆవరణలో మగ మాజీ సైనికుల నుంచి అనుచిత మాటలు, వేధింపులు ఎదుర్కొన్నట్టు చెప్పారు. అలాంటి అనుభవం ఎదురైనవారు తర్వాత వైద్యాన్ని వాయిదా వేయడం, మానుకోవడం ఎక్కువ. నిండా మగవారున్న వెయిటింగ్ హాలు, తలుపు సరిగా పడని పరీక్ష గది, పక్కన నిలబడి వినే అటెండరు: వీటిలో ఏ ఒక్కటి చాలు, చెప్పాలనుకున్న మాట గొంతులో ఆగిపోవడానికి.

ఒకే కొలబద్ద సమానత్వం కాదు

మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లు అనగానే రెండు అభ్యంతరాలు వస్తాయి. సమానత్వం కోరి చేరినవారికి ప్రత్యేకత ఎందుకన్నది మొదటిది. ఈ ప్రశ్న మహిళా అధికారుల నుంచే వస్తుంది. తమను బలహీనులుగా చూస్తారన్న వారి భయం నిరాధారం కాదు. పెళ్లి చేసుకున్నందుకు ఒక సైనిక నర్సింగ్ అధికారిని 1988లో ఉద్యోగం నుంచి తొలగించారు. అది వివక్ష అని సుప్రీంకోర్టు తేల్చి, 60 లక్షల రూపాయల పరిహారం ఇప్పించడానికి 2024 దాకా పట్టింది. మహిళ శరీరాన్ని, సంసారాన్ని అనర్హతగా చూసిన వ్యవస్థ ముందు ఆరోగ్య సమస్య చెప్పుకోవడానికి ఎవరైనా వెనకాడతారు.

దీనికి జవాబు 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పులో ఉంది. శాశ్వత కమిషన్ ఇవ్వడానికి మహిళా అధికారులకు వైద్య అర్హత పరీక్ష పెట్టారు. మగ అధికారులకు ఆ పరీక్ష సేవలో అయిదో ఏటనో పదో ఏటనో జరుగుతుంది. ఆ తర్వాత వారి ఆరోగ్యం కాస్త తగ్గినా కమిషన్ పోదు. మహిళలకు ఆ అవకాశమే చాలా ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. నలభై దాటినవారిని, యువకులైన మగవారు అందుకున్న కొలతతోనే కొలిచారు. ఇది పైకి సమానంగా కనిపించే పరోక్ష వివక్ష అని కోర్టు చెప్పింది. వైద్యశాస్త్రం చెప్పేదీ ఇదే. ఒకే పరీక్ష వేర్వేరు వయసుల్లో, వేర్వేరు శరీరాల్లో వేర్వేరు సంగతులు కొలుస్తుంది. అందరికీ ఒకే అంగ అన్న కవాతు యువతుల ఎముకలు విరిచింది. ఎవరి అంగతో వారు నడిచినప్పుడు అందరూ గమ్యం చేరారు.

అమెరికా స్వాతంత్ర్య సమరంలో మగవేషంలో పోరాడిన డెబోరా శాంప్సన్ తొడలో దిగిన తూటాను తానే తీసుకుందని చెబుతారు. డాక్టరు చూస్తే ఆడమనిషి అని తెలిసిపోతుందన్న భయం ఆమెది. మహిళా మాజీ సైనికుల వైద్య సేవలను విస్తరిస్తూ 2021 జనవరిలో అమెరికా తెచ్చిన చట్టానికి ఆమె పేరే పెట్టారు. గాయం దాచుకోవలసిన అవసరం లేని వైద్యం కావాలన్నదే ఆ పేరులోని అర్థం.

రెండో అభ్యంతరం సంఖ్య గురించి. లక్షల మంది మధ్య కొన్ని వేల మంది కోసం అంత హడావుడి అవసరమా అంటారు. ప్రత్యేక ఆసుపత్రులు కట్టమంటే ఈ అభ్యంతరం నిలిచేది. ఇక్కడ కావలసినవి కొన్ని ప్రశ్నలు, కొంత శిక్షణ, రికార్డులో కొన్ని గడులు. పైగా వాటి ప్రయోజనం మాజీ సైనికురాళ్ల దగ్గర ఆగదు. అదే పాలీక్లినిక్‌కు వచ్చే లక్షలాది భార్యలకు, వితంతువులకు ఎముకల పరీక్ష, క్యాన్సర్ పరీక్ష, చాటుగా మాట్లాడే గది అన్నీ ఉపయోగపడతాయి. తక్కువ సంఖ్య నిజానికి ముందుగా పని మొదలుపెట్టడానికి మంచి కారణం. ఇప్పుడు వేలల్లో ఉన్నవారికి చేసే ఏర్పాటు, రేపు అంతకు ఎన్నో రెట్లు పెరిగినప్పుడు సిద్ధంగా ఉంటుంది.

ఏం చేయవచ్చు?

మొదటిది లెక్క. ఈసీహెచ్‌ఎస్ రికార్డుల్లో స్వయంగా సేవ చేసిన మహిళలను, కుటుంబ సభ్యులైన మహిళలను విడివిడిగా నమోదు చేయాలి. దళం, విభాగం, సేవ చేసిన ఏళ్లు అందులో ఉండాలి. వ్యక్తుల పేర్లు లేకుండా ఏటా ఆ గణాంకాలను ప్రకటించాలి. ఏ జిల్లాలో ఎందరున్నారో తెలియకుండా స్త్రీ వైద్య నిపుణులను ఎక్కడ నియమించాలో నిర్ణయించలేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు కూడా తమ జాబితాల్లో ఈ గడి చేర్చవచ్చు. షార్ట్ సర్వీస్ ముగించుకుని ఇన్నేళ్లుగా పథకం బయటే ఉన్న మహిళలను వెతికి, 2019 నుంచి వారికీ అర్హత ఉందని చెప్పవలసిన బాధ్యత వాటికి బాగా నప్పుతుంది.

రెండోది సేవ ముగిసేటప్పటి వైద్య పరీక్ష. ఎముక పగుళ్లు, నెలసరి చరిత్ర, ప్రసవాలు, కటి కండరాల స్థితి, నిద్ర, మానసిక ఆరోగ్యం ఇవన్నీ అందులో నమోదై, ఆమె అనుమతితో డిజిటల్ ఆరోగ్య ఖాతాలోకి చేరాలి. అగ్నివీర్‌గా నాలుగేళ్లు చేసి ఊరికి వెళ్లిన యువతి ఇరవై ఏళ్ల తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా ఆ వివరం డాక్టరుకు కనిపించాలి. సేవ వల్ల వచ్చిన గాయాలకైనా నాలుగేళ్ల తర్వాత చికిత్స కొనసాగే మార్గం అగ్నివీరులకు, స్త్రీ పురుషులిద్దరికీ, తొలి బృందం బయటికి రాకముందే ఏర్పడటం న్యాయం.

మూడోది పాలీక్లినిక్‌లో అడిగే ప్రశ్నలు. మీరు స్వయంగా సేవ చేశారా? ఎప్పుడైనా ఎముక విరిగిందా? మూత్రం జారిపోతోందా? నిద్ర పడుతోందా? సేవాకాలంలో మీకిష్టం లేని ప్రవర్తన ఎదురైందా? తలుపు వేసిన గదిలో, భర్త లేదా బంధువులు పక్కన లేనప్పుడు, శిక్షణ పొందిన డాక్టరో నర్సో అడిగితే పది నిమిషాల పని. రిటైరైన సైనిక నర్సింగ్ అధికారులను ఈ పనికి తీసుకుంటే అడిగేవారికి సేవాజీవితం తెలిసి ఉంటుంది, వచ్చినవారికి నమ్మకం కలుగుతుంది.

నాలుగోది డాక్టర్ల శిక్షణ. అమెరికాలో ప్రతి మాజీ సైనికుల ఆసుపత్రిలో మహిళల వ్యవహారాలు చూసే ఒక అధికారి, మహిళల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన ప్రాథమిక వైద్యులు ఉంటారు. అలాంటి వైద్యుల దగ్గరికి వెళ్లినవారిలో సంతృప్తి ఎక్కువని, వారు వైద్యం మధ్యలో మానేయడం తక్కువని అధ్యయనాలు చూపాయి. మన పాలీక్లినిక్‌లన్నిటిలో స్త్రీ వైద్య నిపుణులను నియమించడం సాధ్యం కాకపోవచ్చు. ప్రాంతీయ కేంద్రానికి ఒక శిక్షణ పొందిన బృందం, మిగతా చోట్లకు టెలీ వైద్యం సాధ్యమే. సాయుధ దళాల కోసం రక్షణ శాఖ 2021లోనే సేహత్ టెలీ వైద్య వేదికను ప్రారంభించింది.

అయిదోది పరిశోధన. భారతీయ మహిళా సైనికుల ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే ఇప్పటికీ అమెరికా, ఆస్ట్రేలియా అంకెలే ఎక్కువగా దిక్కవుతున్నాయి. ఆహారం, ఎముక సాంద్రత, నెలసరి ఆగే వయసు, ప్రసవాల సంఖ్య అన్నీ వేరైనప్పుడు అరువు అంకెలతో విధానం రాయలేరు. పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాల, ఢిల్లీలోని డీఆర్‌డీఓ శరీరధర్మశాస్త్ర ప్రయోగశాల డిపాస్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిస్తే, ఇప్పుడు చేరుతున్న యువతులను దశాబ్దాల పాటు వెంబడించే అధ్యయనం మొదలుపెట్టే సామర్థ్యం దేశంలోనే ఉంది. సీఆర్‌పీఎఫ్ మహిళా సిబ్బంది శరీర కొలతలకు సరిపోయే రక్షణ కవచాన్ని డిపాస్ ఇదివరకే రూపొందించింది. కవచానికి తీసుకున్న కొలత ఆరోగ్యానికీ తీసుకోవాలి.

అమెరికా మాజీ సైనికుల శాఖ 1959 నుంచి వాడిన నినాదం యుద్ధ భారం మోసిన పురుషుడి గురించి, అతని వితంతువు గురించి, అతని అనాథ గురించి మాత్రమే చెప్పేది. సేవ చేసిన అందరూ అందులోకి వచ్చేలా దాన్ని 2023లో మార్చారు. 1980లో అడిగిన ప్రశ్న నుంచి ఆ మాట మారడానికి 43 ఏళ్లు పట్టింది. భారతదేశం అంతకాలం ఆగనక్కరలేదు. పాలీక్లినిక్ కౌంటర్ దగ్గర కార్డు చాపిన మహిళను "సర్వీసు మీదేనా?" అని అడగడానికి చట్టం మారనక్కరలేదు, బడ్జెట్ రానక్కరలేదు. రేపు ఉదయం ఓపీ తెరిచినప్పటి నుంచే అడగవచ్చు.